రోడ్డుకి పెట్టిన ఆడపేరు

ఆస్ట్రేలియా పడమటి ఎడారుల పటం చూస్తే రెండు ఆడపేర్లు కనిపిస్తాయి. ఆన్ బీడెల్ హైవే, కానీ స్యూ హైవే. హైవే అనడమే గానీ తారూ లేదు, కంకరా లేదు. ఎర్ర ఇసుక మీద రెండు చక్రాల జాడ, మధ్యలో ముళ్ళగడ్డి. ఆన్ బీడెల్ హైవే కూబర్ పీడీ నుంచి లావర్టన్ దాకా దాదాపు 1,300 కిలోమీటర్లు సాగుతుంది. ఫోర్‌వీల్ డ్రైవ్ బండి లేనిదే దానిమీదికి వెళ్ళలేరు. నీళ్ళూ, డీజిలూ, అదనపు టైర్లూ అన్నీ మోసుకెళ్ళాలి. ఇసుక మెత్తగా ఉన్నచోట టైర్లలో గాలి తగ్గించాలి. ముళ్ళగడ్డి గింజలు రేడియేటర్‌ని కమ్మేయకుండా చూసుకోవాలి. రాత్రి ఎక్కడ ఆగితే అక్కడే మకాం. ఇలాంటి ప్రయాణాన్ని ఇష్టపడేవాళ్ళకి ఇదొక కల.

ఇంతకీ ఆ ఆన్ ఎవరు? ఆ దారి వేసిన సర్వేయర్ లెన్ బీడెల్ భార్య. కానీ స్యూ ఆయన పెద్దకూతురు. కొడుకు గేరీ పేరు మీద కూడా ఒక రోడ్డుంది. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక బ్రిటన్ తన రాకెట్లనీ అణుబాంబులనీ పరీక్షించుకోడానికి ఆస్ట్రేలియా ఎడారిని ఎంచుకుంది. 1947లో వూమెరా కేంద్రం మొదలైంది. ఆ పరీక్షల కోసం బీడెల్ బృందం 1963 దాకా వేసిన రోడ్లు 6,000 కిలోమీటర్ల పైమాటే. 1953 అక్టోబరులో రెండు అణుబాంబులు పేల్చిన ఈమూ ఫీల్డ్ ఈ ఆన్ బీడెల్ హైవే దారిలోనే ఉంది. ఆ స్థలాన్ని వెతికిపెట్టింది కూడా బీడెలే. అంటే బాంబు దగ్గరికి వెళ్ళే దారికి ఒక గృహిణి పేరూ, రాకెట్ల కోసం వేసిన దారికి ఒక పసిపిల్ల పేరూ పెట్టారన్నమాట. ఇదేదో కుట్ర అని నేననను. ప్రేమతోనే పెట్టి ఉంటాడు. ఆ ప్రేమ ఆ రోడ్డు చేసిన పనిని ఎంత ముచ్చటగా కప్పేసిందో చూడాలంటాను.

బీడెల్ మొదటి పుస్తకం ‘టూ లాంగ్ ఇన్ ద బుష్’ 1965లో వచ్చింది. ఈ దారుల వెంట వెళ్ళేవాళ్ళు ఇప్పటికీ ఇష్టంగా చదువుకునే పుస్తకం. చదివించే గుణం ఉందని ఒప్పుకోవాలి. తన కష్టాల మీద తనే హాస్యమాడతాడు. ఎండ, ఈగలు, పగిలే టైర్లు, ఆగిపోయే యంత్రాలు, రాత్రిపూట నక్షత్రాలను కొలిచి తానెక్కడున్నాడో తేల్చుకోవడం, ఇవన్నీ సరదాగా చెప్తాడు. వంపు లేకుండా నేరుగా సాగే రోడ్డంటే ఆ బృందానికి ఎంత మోజంటే, తుపాకీ గొట్టం అనే అర్థం వచ్చే ‘గన్‌బ్యారెల్’ని తమ పేరుగా పెట్టుకున్నారు. మొదటి పెద్ద రోడ్డు పేరు కూడా అదే. ఈ పుస్తకంలో ఎడారి చాలా పెద్దది, చాలా ఖాళీది. మనుషులు అక్కడక్కడా తారసపడతారు గానీ ఆ నేల వాళ్ళదనే ఊహ కథనానికి అడ్డు రాదు. డ్రైవర్ సీటులోంచి చూస్తే దారికి ముందున్నదంతా ఖాళీగానే కనిపిస్తుంది కాబోలు.

ఆ ఖాళీ సంగతి తేలాలంటే ఇంకో పుస్తకం పక్కన పెట్టుకుని చదవాలి. 2005లో వచ్చిన ‘క్లియర్డ్ అవుట్’. రాసినవాళ్ళు ముగ్గురు: స్యూ డావెన్‌పోర్ట్, పీటర్ జాన్సన్, యువాలి. యువాలి మార్తు తెగ స్త్రీ. 1964లో ఆమెకి 17 ఏళ్ళు. వూమెరా నుంచి వదిలే బ్లూ స్ట్రీక్ రాకెట్ ముక్కలు పెర్సివల్ సరస్సుల ప్రాంతంలో పడే అవకాశం ఉందని, అక్కడ ఎవరైనా ఉంటే ఖాళీ చేయించమని అధికారుల్ని పంపారు. ఉన్నారు. 20 మంది. అందరూ స్త్రీలూ పిల్లలే. పెద్ద మగవాళ్ళు ఒక్కరూ లేరు. యువాలి అంతవరకు బండిని చూడలేదు. బండరాయి ప్రాణం పోసుకుని తమ మీదికి వస్తోందనుకున్నారట. పరుగెత్తారు, దాక్కున్నారు. వెంటాడటం రోజుల తరబడి సాగింది. చివరికి వాళ్ళని జిగలాంగ్ మిషన్‌కి చేర్చారు.

ఈ పుస్తకంలో నన్ను ఆపేసింది దాని కూర్పు. ఒకపక్క అధికారుల నివేదికలు, మరోపక్క అవే సంఘటనల గురించి యువాలి జ్ఞాపకం. నివేదికలో స్త్రీలు ‘కనబడాల్సిన’వాళ్ళు, జాగ్రత్తగా తరలించాల్సినవాళ్ళు. యువాలి మాటల్లో వాళ్ళు ఎక్కడ నీళ్ళుంటాయో తెలిసి, పిల్లల్ని వెంటబెట్టుకుని, ఏ దిక్కుకి వెళ్ళాలో నిర్ణయించుకునేవాళ్ళు. పురుషుడి తోడు లేకుండా ఎడారిలో బతుకుతున్న స్త్రీల గుంపుకి ‘రక్షణ’ పేరుతో ఒక వాహనం ఎదురొచ్చింది. సాహసయాత్రల్లో స్వేచ్ఛకి గుర్తుగా నిలిచే ఆ వాహనమే ఇక్కడ ఇల్లు ఖాళీ చేయించడానికి వచ్చిన బంట్రోతు. బండి ఒకటే. ఎక్కినవాళ్ళకొకలాగా, ఎదురుపడ్డవాళ్ళకొకలాగా ఉంది.

మరి స్టీరింగ్ స్త్రీ చేతికొస్తే సరిపోతుందా? ఇది తేలిగ్గా తీసిపారేసే ప్రశ్న కాదు. చీకటి పడ్డాక బస్టాండులో ఒంటరిగా నిలబడడానికే పది లెక్కలు వేసుకునే మనకి, మనిషి అలికిడి లేని చోట గుడారం వేసుకుని పడుకున్న స్త్రీని చూస్తే మనసు ఎగిరి గంతేస్తుంది. వెయ్యాలి కూడా. రాబిన్ డేవిడ్‌సన్ ‘ట్రాక్స్’ 1980లో వచ్చినప్పటి నుంచీ అంతమంది స్త్రీలు దాన్ని తమదనుకున్నది అందుకే. 1977లో ఆమె నాలుగు ఒంటెలతో, ఒక కుక్కతో ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి హిందూమహాసముద్రం దాకా నడిచింది. దారిలో గన్‌బ్యారెల్ హైవే మీదా నడిచింది. బండి ఎక్కలేదు. బండిలో వచ్చింది ఆమెని ఫొటోలు తీయడానికి పత్రిక పంపిన ఫొటోగ్రాఫర్. డబ్బు కోసం ఆ పత్రికతో ఒప్పుకున్నాక తన యాత్ర తనది కాకుండా పోతోందని ఆమె పడే చిరాకు ఆ పుస్తకంలో నిజాయితీగా ఉంది. అంతకన్నా విలువైనది ఎడ్డీ అనే పిట్జంట్‌జట్జర పెద్దాయనతో కలిసి నడిచిన భాగం. ఆ నేల ఖాళీ కాదని, ప్రతి గుట్టకీ ఒక కథా ఒక కట్టుబాటూ ఉన్నాయని ఆమెకి అక్కడ అర్థమవుతుంది. ‘ఒంటరిగా ఎడారి దాటిన స్త్రీ’ అని కీర్తించేటప్పుడు ఈ ఎడ్డీని మనమే మర్చిపోతాం. అది ఆ పుస్తకం లోపం కాదు, మన చదువు లోపం.

ఈమూ ఫీల్డ్ దగ్గర ఇప్పుడు పర్మిట్ తీసుకుని బండి ఆపేవాళ్ళు, బాంబు పేలిన చోట నిలబెట్టిన స్తంభం పక్కన ఫొటో దిగుతారు. అదే దారి మొదట్లో ఉన్న కూబర్ పీడీలో 1995లో ఆదివాసీ వృద్ధ స్త్రీలు కొందరు ‘కూపా పీటీ కుంగ్కా ట్జూటా’ అనే సంఘం పెట్టుకున్నారు. 1998లో ప్రభుత్వం ఆ ఎడారిలోనే అణువ్యర్థాలు పాతిపెడతానంటే, ‘ఆ విషం మాకొద్దు, వదిలేయండి’ అనే అర్థంలో ‘ఇరాటి వాంటి’ అంటూ ఉద్యమం నడిపారు. 1953 నాటి నల్లని పొగమంచు వాళ్ళ తరానికి జ్ఞాపకం. దేశమంతా తిరిగారు, మాట్లాడారు, పాడారు. వారిలో ఐలీన్ కంపకుటా బ్రౌన్, ఐలీన్ వానీ వింగ్‌ఫీల్డ్ 2003లో గోల్డ్‌మన్ బహుమతి అందుకున్నారు. 2004లో ప్రభుత్వం ఆ ప్రతిపాదన వదులుకుంది. వీళ్ళూ ప్రయాణించిన స్త్రీలే. సాహసయాత్రల అలమరలో వాళ్ళ మాటలకి చోటెందుకు ఉండదని అడగాలి.

ఆన్ బీడెల్ హైవే పడమటి భాగం స్పినిఫెక్స్ ప్రజల నేల మీదుగా వెళ్తుంది. పరీక్షల కాలంలో వాళ్ళలో చాలామంది ఆ నేలకి దూరమయ్యారు. తర్వాత తిరిగొచ్చారు. భూమి హక్కు కోసం కోర్టుకెళ్ళినప్పుడు ఆ నేల తమదని చూపించడానికి 1997 నుంచి బొమ్మలు వేశారు. మగవాళ్ళంతా కలిసి ఒకటి, ఆడవాళ్ళంతా కలిసి ఒకటి వేసిన పెద్ద బొమ్మలు 2000లో వచ్చిన ఒప్పందంలో భాగమయ్యాయి. రెండూ చట్టం ఒప్పుకున్న సాక్ష్యాలే. ఆన్ పేరున్న రోడ్డుని ఆన్ గీయలేదు. ఆ ఆడవాళ్ళ బొమ్మలో మాత్రం నీటి చోట్లు, పూర్వులు నడిచిన దారులు గీసింది వాళ్ళే. ఎవరి పేరుతోనో కాకుండా ఎవరి చేత్తో గీసిన పటమో చూసి ప్రయాణ సాహిత్యాన్ని చదవడం మనం ఇక్కణ్ణుంచే మొదలుపెట్టొచ్చు.