కొర్రమేనుకో ట్యాంకు

అక్వేరియం షాపులో ఆస్కార్ పిల్ల వేలెడంత ఉంటుంది. చెయ్యి కనపడగానే మేత కోసం అద్దం దగ్గరికొస్తుంది, ఆ చూపుకి ఎవరైనా లొంగిపోతారు. ఏడాది తిరిగేసరికి జానెడు దాటుతుంది. సిల్వర్ అరోవానా అయితే మూడడుగులు. రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్ మీటరు పైన పెరుగుతుంది, దానికి సరిపడే ట్యాంకు మన ఇళ్ళలో పట్టదు. కొనేవాళ్ళు పిల్లని చూసి కాదు, ఎదిగిన చేపని తలచుకుని కొనాలి.

ఆరడుగుల పొడవు, రెండేసి అడుగుల వెడల్పు, ఎత్తు ఉన్న ట్యాంకులో నీళ్ళే దాదాపు 680 కిలోలు. అపార్ట్‌మెంట్‌లో పెట్టే ముందు ఇంజనీరుని అడగండి. పైగా ఇలాంటి వేట చేపల తిండి మాంసం, అందుకే నీళ్ళలో అమ్మోనియా త్వరగా పేరుకుంటుంది. ఫిల్టరులో పెరిగే బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మారుస్తుంది. మిగిలిన నైట్రేట్‌ని వారం వారం నీళ్ళు మార్చి మనమే తీసెయ్యాలి. ఆ బ్యాక్టీరియా బతకాలన్నా పంపు తిరగాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటాక ఊరు చీకట్లో ఉన్న రోజుల్లో, మా ఇంట్లో చెంబుతో నీళ్ళు ఎత్తి పోస్తూ గాలి కలిపాం.

అప్పట్నుంచి నా మనసు కొర్రమేను మీదే. మొప్పలు కాక, తలలో గాలి పట్టే గది కూడా ఉన్న చేప అది. నీళ్ళలో ప్రాణవాయువు తగ్గినా పైకొచ్చి గుక్కెడు గాలి పీల్చి బతుకుతుంది. చెరువులో ఎర్రటి పిల్లల గుంపుకి తల్లీతండ్రీ కాపలా కాస్తాయి. తెలంగాణకి అది రాష్ట్ర చేప. మనం మాత్రం పులుసు గిన్నెలోనే ఎరుగుదుం. ట్యాంకులో చూడండి: ఒళ్ళు కదలదు, ముందు రెక్కలు మాత్రమే మెల్లగా ఆడుతుంటాయి, కన్ను ఎర వెంటే తిరుగుతుంది. ఆ ఓపిక చూడ్డానికి అమెజాన్ చేపని తెప్పించుకోనక్కర్లేదు.

కొన్న చేపని పెంచలేకపోతే? విశాఖ మేఘాద్రిగెడ్డ జలాశయంలో వదిలెయ్యడం జాలి అనిపించుకోదు, ఊరు తాగే నీళ్ళవి. 2018 వరదల తర్వాత కేరళ చాలక్కుడి నదిలో అరపైమా అనే అమెజాన్ చేపలు వలకి చిక్కాయి, ఎక్కడో పెంచుతుంటే తప్పించుకున్నవి. పెద్ద ట్యాంకున్న వాళ్ళని వెతికి ఇవ్వండి, లేదా కొన్న షాపుకే తిరిగి అప్పగించండి.

కొర్రమేనుని తెచ్చుకునేవాళ్ళకి ఒక్క మాట. ట్యాంకు అంచుదాకా నింపకండి. పైన నాలుగు వేళ్ళ ఖాళీ లేకపోతే గాలి అందక, నీళ్ళలోనే ఉక్కిరిబిక్కిరై చచ్చిపోతుంది. మూత మీద బరువు కూడా పెట్టండి, ఎగిరి దూకుతుంది.