ప్రజాప్రయోజనం – పాఠకుడెవరు?

న్యాయవిద్యార్థులు నడిపే పత్రికతో తెలుగు అధ్యాపకునికి పనేమిటని మిత్రులు ఆక్షేపించవచ్చు. వచనం వున్న ప్రతిచోటా అది ఎవరికోసం అనే ప్రశ్న వుంటుంది. ఆ ప్రశ్న వేయడమే విమర్శకుని పని.

విద్యార్థులే సంపాదకులుగా న్యాయపత్రిక నడిపే సంప్రదాయానికి 1887లో వెలువడిన హార్వర్డ్ లా రివ్యూ ప్రసిద్ధమైన నమూనా. హైదరాబాదులో నల్సార్ విద్యార్థులు తెచ్చిన స్టూడెంట్ లా రివ్యూ ఆ కోవలోనిదే. చదువు ముగియని యువతీయువకులు తీర్పులను తర్కానికి నిలబెట్టడం, ప్రజాప్రయోజన వ్యాజ్యాలను చర్చించడం హర్షించదగిన విషయం. అయితే యిటువంటి పత్రికల భాష ఇంగ్లీషు. వాటి పాఠకులు న్యాయమూర్తులు, ప్లీడర్లు, పండితులు. వస్తువు ప్రజలది, రూపం మాత్రం ప్రజలది కాదు.

యిది కేవలం శిల్పచర్చ కాదు. సోంపేట బీలలో థర్మల్ విద్యుత్కేంద్రం వద్దన్న రైతులు, మత్స్యకారులపై 2010 జూలై 14న పోలీసులు కాల్పులు జరిపారు, మనుషులు చనిపోయారు. ఆనాడే ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేటు అథారిటీ ఆ కేంద్రానికిచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. బీలలో జనం ప్రాణాలొడ్డి చెప్పిన మాటనే ఢిల్లీలో చట్టం కాగితం మీద చెప్పింది. కాని ఆ రెండు భాషలకూ మధ్య వంతెన లేదు.

అటువంటి పరిశ్రమకు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలన్నది 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్. దాని ప్రకారం స్థానిక భాషలో విధిగా యివ్వవలసినది నివేదిక సారాంశమే. నివేదిక మొత్తం ఇంగ్లీషులోనే వుండవచ్చు. భూమి పోయేవానికి సారాంశం, సంతకం పెట్టేవానికి సంపూర్ణ గ్రంథం! ఆ నోటిఫికేషన్ స్థానంలో తేదలచిన కొత్త ముసాయిదాను ఎనిమిదవ షెడ్యూలు భాషలన్నిటిలోకీ అనువదించమని 2020లో ఢిల్లీ హైకోర్టు ఆదేశించవలసి వచ్చింది.

తప్పు న్యాయవిద్యార్థులది మాత్రమే కాదు. మా తరగతిలో ఉద్దానం కుర్రవాడొకడు యింటికి వచ్చిన భూమి నోటీసు తెచ్చి అర్థం అడిగాడు. ప్రబంధంలోని శ్లేషను గంటసేపు విప్పి చెప్పిన నేను, ఆ కాగితాన్ని చూచి, “ప్లీడరుగారి దగ్గరకు తీసుకువెళ్లు” అన్నాను. ఆ మాటకు నేటికీ సిగ్గుపడుతున్నాను.

ఇంగ్లీషును విడిచిపెట్టమని నేననను. హైకోర్టులో అది కావాలి. కాని ప్రతి సంచికలో ఒక్క వ్యాసమైనా తెలుగులో రావాలి. పలాస జీడి కార్ఖానాలో చదివి వినిపిస్తే, విన్నవారు “యిది మా సంగతే” అనో, “కాదు, యిక్కడ పొరబడ్డావు” అనో అనగలగాలి. అటువంటి వచనం రాయడంలో తెలుగు అధ్యాపకులు విద్యార్థుల పక్కన కూర్చోవాలి. ఎవరి ప్రయోజనమో వారు చదివి కాదనగలిగినప్పుడే అది ప్రజాప్రయోజనం.