మిషన్ మూలకి, పొడి ఫ్లాస్కుకి

మా డిష్‌వాషర్ మూలపడి ఏడాది దాటింది. చూడ్డానికొచ్చిన అబ్బాయి బోర్డు పోయిందన్నాడు, ధర చెప్పాడు, టీ తాగి వెళ్లిపోయాడు. ఇప్పుడు దాని నెత్తిన ఉల్లిపాయల బుట్ట ఉంటోంది. మిగిలింది సగం డబ్బా పొడి. పారేయడానికి మనసొప్పలేదు.

ముందు ఫ్లాస్కు పని పట్టాను. పాత స్టీలు ఫ్లాస్కు, లోపలంతా ఏళ్లనాటి టీ మరక. మెడ సన్నం, చెయ్యి దూరదు. ఉప్పూ బియ్యమూ వేసి గిలకొట్టడం ఎప్పుడో అయిపోయింది. చెంచాడు పొడి వేసి మరిగే నీళ్లు పోశాను. సన్నగా బుసబుసమంది. గంట తర్వాత సింకులో వంపితే చిక్కటి డికాక్షన్! టార్చి వేసి చూస్తే అడుగున నా మొహం కనబడింది.

ఇందులో మాయేం లేదు. ముఖ్యంగా ఉండేది వాషింగ్ సోడా. రేవుల్లో బట్టలు ఉడకబెట్టడానికి వాడిన చౌడుమట్టిలో ఉన్నదీ ఈ క్షారమే. దానికి తోడు వేడినీళ్లలో ఆక్సిజన్ వదిలే సోడియం పర్‌కార్బనేట్. టీ రంగుని విరగ్గొట్టేది అదే. పైగా గంజినీ మాంసకృత్తుల్నీ ముక్కలు చేసే ఎంజైములు. చిమ్నీ స్టీలు ఫిల్టర్లని ఈ నీళ్లలో నానబెడితే పోపుల జిడ్డు కొంత సబ్బుగా మారి, మిగతాదాన్ని వెంటబెట్టుకుని దిగిపోతుంది.

ఆ ఊపులో అమ్మ సత్తుగిన్నెని కూడా ఫిల్టర్లు నానుతున్న టబ్బులో పడేసి పడుకున్నాను. తెల్లారేసరికి వంటింట్లోంచి కేక.

"ఏమే, నా గిన్నెకి మసి పూశావా?"

అల్యూమినియానికి క్షారం పడదు. అది ముందే గుర్తు రావాల్సింది. అమ్మ ఇంకో మాట అనకుండా గుప్పెడు చింతపండు పిసికి, ఆ పులుసు గిన్నెలో పోసి మరిగించింది. నలుపు చాలావరకు వదిలింది. "నీ పొడికన్నా నా చింతపండే నయం" అంది. కాదనడానికి నాకు మొహం చెల్లలేదు.

పట్టుచీర మీద పప్పు పడిందని ఒక స్నేహితురాలు ఈ పొడి అడిగితే ఇవ్వలేదు. పట్టూ మాంసకృత్తే కదా, మరకేదో పోగేదో ఎంజైముకి తెలియదు. స్క్రబ్బరు మీద చల్లుకుని తోమడం కూడా వద్దు. ఇది మిషన్ కోసం చేసిన పొడి, ఒట్టి చేతులు ఓర్చుకునేది కాదు. మా ఇంట్లో గిన్నెలు తోమే ఆవిడకి అందకుండా డబ్బా పై అరలో పెట్టాను. నేనైనా గ్లవ్స్ లేకుండా ముట్టుకోను.

మీరూ ఫ్లాస్కుతోనే మొదలుపెట్టండి, తర్వాత మూడు నాలుగుసార్లు మంచినీళ్లతో తొలవండి. నానుతున్నంతసేపూ మూత మాత్రం బిగించకండి. లోపల పుట్టే ఆక్సిజన్‌కి బయటికి దారుండాలి.