సంఘం, బ్యాంకు, మధ్యలో వడ్డీ

వనపర్తి జిల్లాలో వేరుశనగ విత్తే రోజులు దగ్గరపడితే పెద్దమందడి లాంటి మండలాల్లో మహిళా సంఘాల మాటంతా అప్పు చుట్టూనే తిరుగుతుంది. ఎవరికెంత కావాలి, ఎవరి కిస్తీ ఆగింది, ఈసారి ముందు ఎవరికి? వాదులాట తేలాక తీర్మానం పుస్తకంలో రాసుకుంటారు. ఒక్కొక్కరూ సంతకం పెడతారు, సంతకం రాని పెద్దమ్మ వేలిముద్ర వేస్తుంది. సంఘానికి బ్యాంకు ఇచ్చే రుణానికి, అంటే బ్యాంకు లింకేజీకి, ఆ పేజీయే ఆధారం.

సంఘాలకూ బ్యాంకులకూ మధ్య ఈ పొత్తుకు బీజం 1992లో పడింది. జాతీయ వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు (నాబార్డు) దేశంలో 500 సంఘాలతో ప్రయోగం మొదలుపెట్టింది. అంతకుముందు తాకట్టు పెట్టడానికేమీ లేని ఆడవాళ్లకు బ్యాంకు అప్పు అందేది కాదు. చిల్లర అప్పుల్ని విడివిడిగా చూసుకోవడం బ్యాంకుకూ గిట్టేది కాదు. ఆరు నెలలు పొదుపు చేసి, తమలో తాము అప్పులిచ్చుకుని, లెక్కలు చూపిస్తే సంఘం పేరిట రుణం. అందులో ఎవరికెంత అన్నది సంఘం ఇష్టం. బ్యాంకు ఆ పెత్తనం తీసుకోకపోవడమే ఈ ఏర్పాటులో అసలు బలం.

2000లో ఏర్పడిన గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) ఊళ్లో గ్రామ సమాఖ్యను, ఆపైన మండల సమాఖ్యను నిలబెట్టింది. బ్యాంకు మేనేజరు బదిలీ అయి కొత్తాయన వచ్చినప్పుడు ఏ సంఘం ఎలా కడుతుందో చెప్పేది పుస్తకాలు రాసే గ్రామ సమాఖ్య సహాయకురాలు (వీఓఏ), ఊళ్లు తిరిగే కమ్యూనిటీ కోఆర్డినేటర్ (సీసీ). వాళ్ల పనికి దక్కాల్సిన గౌరవం ఇంకా దక్కలేదు.

అవే ఊళ్లలో మైక్రోఫైనాన్స్ కంపెనీలూ ఆడవాళ్లను గుంపులుగా కూర్చోబెట్టి అప్పులిచ్చాయి. అక్కడ పొదుపు లేదు, లెక్కల మీద సంఘానికి పట్టు లేదు, వారం తిరిగేసరికి కిస్తీ. వసూళ్ల వేధింపులు, ఆత్మహత్యల వార్తల నడుమ 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది.

బ్యాంకు లింకేజీకీ ఒక చిక్కుంది. ప్రభుత్వ పథకాలుగా 2004లో పావలా వడ్డీ, 2012లో వడ్డీలేని రుణం వచ్చాయి. సభ్యులు ముందు వడ్డీతో సహా కట్టాలి, ఆ వడ్డీని ప్రభుత్వం తర్వాత జమ చేయాలి. జమ ఆలస్యమైతే నష్టం సక్రమంగా కట్టిన ఆడవాళ్లకే. ఇక్కడ ప్రభుత్వమూ భాగస్వామే. అయినా నెలనెలా సంఘాల ఎదుట కూర్చుని జవాబు చెప్పే పని మాత్రం దానికి లేదు. మండల సమాఖ్య సమావేశానికి బ్యాంకు మేనేజరుతోపాటు వడ్డీ లెక్క తెలిసిన అధికారి కూడా రావాలి. ఏ సంఘానికి ఎంత బాకీ ఉందో, ఏ నెలలో జమవుతుందో అక్కడే చదివి వినిపించాలి.