తాత జ్ఞాపకం, దస్తావేజుల సాక్ష్యం: మెలానియా మట్సుక్కో ‘వీటా’ నవల – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఇటలీ నుంచి అమెరికాకు వలసపోయిన తాత జీవితాన్ని మనుమరాలు పునర్నిర్మించిన నవల ‘వీటా’ (2003). కుటుంబంలో చెప్పుకొన్న కథలను, ప్రభుత్వ దస్తావేజులను ఈ నవల ఏ విధంగా ఎదురెదురుగా నిలిపిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. స్థిరపడినవాని విజయగాథను కాక, తిరిగివచ్చినవాని జీవితాన్ని స్మరించడమే దీని ప్రధాన విశిష్టత అని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఇటాలియన్ వలస, కుటుంబ జ్ఞాపకం, మూడో తరం, ప్రయాణికుల జాబితా, తిరుగువలస.

1. ఉపోద్ఘాతం

1880–1924 మధ్యకాలంలో 40 లక్షలకు పైగా ఇటాలియన్లు అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చేరారు. వీరిలో అధికులు దక్షిణ ఇటలీ గ్రామాలకు చెందిన రైతులు, కూలీలు. 1892లో ప్రారంభమైన న్యూయార్క్ రేవులోని ఎల్లిస్ ద్వీపం తనిఖీ కేంద్రం వీరిలో అత్యధికులకు ప్రవేశద్వారం. 1924 నాటి చట్టం దేశాలవారీ కోటాలు విధించి ఈ ప్రవాహాన్ని దాదాపుగా అరికట్టింది.

చదువుకు దూరమైన ఈ తరం తన జీవితాన్ని తానుగా రాసుకున్నది తక్కువ. ఆ పని ఎక్కువగా పిల్లల మీద, మనుమల మీద పడింది. వలసదారుల బిడ్డలు తల్లిదండ్రుల భాషకు, ఆచారాలకు దూరం కాగా, ఆ వారసత్వం వైపు మళ్లీ ఆసక్తితో చూసేది మూడో తరమేనని అమెరికన్ చరిత్రకారుడు మార్కస్ లీ హాన్సన్ 1938లో ప్రతిపాదించాడు. ఈ ప్రతిపాదన వర్తించే తీరును, దాని హద్దులను కూడా ‘వీటా’ నవల చూపుతుంది.

2. నవల నేపథ్యం

మెలానియా మట్సుక్కో 1966లో రోమ్‌లో జన్మించింది. ‘వీటా’కు 2003లో ఇటలీ ప్రతిష్ఠాత్మక సాహిత్య పురస్కారం స్ట్రేగా లభించింది. 1903లో పన్నెండేళ్ల డియమాంటే, తొమ్మిదేళ్ల వీటా తమ ఊరు టూఫో నుంచి బయలుదేరి, పెద్దల తోడు లేకుండా న్యూయార్క్‌లో దిగుతారు. డియమాంటే రచయిత్రి తాత. నగరంలోని ఇటాలియన్ పేటలో వీటా తండ్రి నడిపే ఇరుకు వసతిగృహం వారి తొలి నివాసం. చిల్లర పనుల నుంచి రైలుమార్గ నిర్మాణంలో కూలీలకు నీళ్లు మోసే పని వరకు డియమాంటే బాల్యమంతా శ్రమలోనే గడుస్తుంది. చివరకు అతడు ఇటలీకి తిరిగివస్తాడు. వీటా అమెరికాలోనే ఉండిపోతుంది. ఈ కథనం మధ్యలో రచయిత్రి తన అన్వేషణను కూడా చేర్చింది. అందువల్ల ఇది తాత కథ మాత్రమే కాక, ఆ కథను వెదికిన మనుమరాలి కథ కూడా అయింది.

3. కుటుంబ కథ – దస్తావేజు

ఎల్లిస్ ద్వీపానికి చేరిన ప్రతి ఓడ వెంట ప్రయాణికుల జాబితా ఉండేది. పేరు, వయస్సు, వృత్తి, అక్షరజ్ఞానం, చేతిలోని సొమ్ము, చేరబోయే బంధువు మొదలైన వివరాలకు అందులో గడులుండేవి. నవలలో తనిఖీ సమయాన బాలుడు అధికారుల ఎదుట ప్యాంటు విప్పవలసివస్తుంది. లోదుస్తుల్లో కుట్టి దాచిన పది డాలర్లు చూపనిదే అతనికి ప్రవేశం లేదు. జాబితాలోని గడిలో సొమ్ము అంకెకు చోటుంది. ఆ అంకె వెనుక ఉన్న అవమానానికి లేదు. దస్తావేజు వదిలివేసిన దానిని కుటుంబ కథ భద్రపరచిందనడానికి ఈ ఘట్టం చక్కని నిదర్శనం.

అయితే కుటుంబ కథ సర్వదా నమ్మదగినదని దీని అర్థం కాదు. ఎల్లిస్ ద్వీపం అధికారులే తమ తాతల పేర్లు మార్చివేశారన్న నమ్మకం వలస కుటుంబాల్లో విస్తృతంగా ఉంది. వాస్తవానికి ఆ జాబితాలను ఓడ కంపెనీలు బయలుదేరే రేవులోనే సిద్ధం చేసేవి. ద్వీపంలోని అధికారులు వాటితో సరిచూసేవారు మాత్రమే. పేర్లు చాలా వరకు తరువాతి కాలంలో బడిలో, పనిచోట, కోర్టులో మారాయి. ఇటువంటి కథలను అబద్ధాలుగా తోసిపుచ్చడం కన్నా, కొత్త దేశంలో పోగొట్టుకున్నదానికి ఆ కుటుంబాలు చెప్పుకొన్న కారణాలుగా చదవడం సముచితం. మట్సుక్కో అనుసరించిన మార్గం దీనికి దగ్గరిది. ఆమె కథను దస్తావేజుతో కొట్టివేయదు, దస్తావేజును కథలో కరిగించదు. రెండింటి మధ్య ఖాళీని పాఠకునికి కనిపించేలా ఉంచుతుంది.

4. తిరిగివచ్చినవాని స్మరణ

అమెరికాలో తాతలను స్మరించే రచనలు సాధారణంగా రేవులో మొదలై సొంత ఇంటితో ముగుస్తాయి. కానీ ఆనాడు వెళ్లిన ఇటాలియన్లలో చాలామంది కొన్నేళ్లు పనిచేసి స్వదేశానికి మరలినవారే. వారిని వలస సంపాదించుకున్న దేశం తన చరిత్రలో చేర్చుకోలేదు. స్వదేశం ఓడిపోయి వచ్చినవారిగా చూసింది. డియమాంటే ఈ వర్గానికి చెందినవాడు.

ఇక్కడే హాన్సన్ సూత్రం హద్దు తెలుస్తుంది. ఆ సూత్రం అమెరికాలో ఉండిపోయిన కుటుంబాలను దృష్టిలో ఉంచుకున్నది. రోమ్‌లోని ఈ కుటుంబంలో రెండో తరం మౌనంగా లేదు. రచయిత్రి తండ్రి, నాటకకర్త రొబెర్టో మట్సుక్కో ద్వారానే తాత కథలు ఆమెకు చేరాయి. మరోవైపు, అమెరికన్ సైనికాధికారిగా ఇటలీకి వచ్చిన వీటా కుమారుడు తల్లి ఊరిని వెదుక్కుంటూ వెళ్తాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ధ్వంసమైన టూఫోలో అతనికి శిథిలాలే ఎదురవుతాయి. ఆ ఊరి గతం మనుషుల మాటల్లో తప్ప మరెక్కడా మిగలలేదన్న సంగతిని ఈ ఘట్టం స్థాపిస్తుంది.

5. పరిమితి

నవలలో ఒక లోపం కూడా ఉంది. డియమాంటే, వీటాల ప్రేమ బలపడేకొద్దీ, తాత తిరిగిరావడానికి ఆ ప్రేమ వైఫల్యమే ప్రధాన కారణమన్న భావన కలుగుతుంది. లక్షలాది కూలీలను వెనక్కు పంపిన శ్రమదోపిడి, అనారోగ్యం, నిరుద్యోగం నేపథ్యానికి జరుగుతాయి. ఒక వ్యక్తి పట్ల మమకారం ఒక వర్గపు అనుభవాన్ని కప్పివేసే ప్రమాదం తాతల స్మృతి రచనలన్నింటిలోనూ ఉంటుంది. ‘వీటా’ దాని నుంచి పూర్తిగా తప్పించుకోలేదు.

6. ముగింపు

• కుటుంబ కథ, దస్తావేజు పరస్పర ప్రత్యామ్నాయాలు కావు. ఒకదాని మౌనాన్ని మరొకటి బయటపెడుతుంది.
• తిరిగివచ్చినవారిని స్మరించడం ద్వారా ‘వీటా’ వలసను విజయగాథగా మాత్రమే చూసే దృష్టిని సరిదిద్దింది.
• తాత పట్ల మమకారం చారిత్రక కారణాలను మరుగుపరచకుండా చూడటం ఇటువంటి రచనలకు పరీక్ష.

ఈ పద్ధతి తెలుగు పరిశోధనకూ ఉపయుక్తం. 1860–1911 మధ్య మద్రాసు రేవు నుంచి దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు వెళ్లిన ఒప్పంద కూలీలలో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. వారి పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, ఊరు నమోదైన ఓడ జాబితాలు నేటికీ లభ్యమవుతున్నాయి. వాటి పక్కన నిలపవలసిన ఇంటి మాటలను, అవి తెలిసినవారు ఉండగానే సేకరించడం పరిశోధకుల తక్షణ కర్తవ్యం.