పైసా లెక్కతో కట్టిన ఉద్యమం

ఓట్ల లెక్క తెలిసిన వాళ్ళెవరూ కోయంబత్తూరు జిల్లాలో కమ్మ నాయుళ్ళనే నమ్ముకుని రాజకీయం చెయ్యరు. విజయనగర, మదురై నాయకరాజుల కాలంలో దక్షిణానికి వెళ్ళి, పత్తి పండే నల్లరేగడి నేలల్లో స్థిరపడ్డ కుటుంబాలు ఇవి. ఇంట్లో తెలుగు, సంతలో తమిళం. జనబలం మాత్రం కొంగునాట గౌండర్లది. అలాంటి చోట వైయంపాళయానికి చెందిన ఒక తెలుగింటి రైతు, సి. నారాయణస్వామి నాయుడు, గౌండర్లే ఎక్కువగా ఉన్న రైతు ఉద్యమానికి పెద్దదిక్కయ్యారు. తమిళ రైతులు ఈనాటికీ ఆయన్ని ‘ఉళవర్ పెరుంతలైవర్’ (రైతుల మహానాయకుడు) అనే తలుచుకుంటారు. ఆ పని ఆయన ఎలా చేశారో దగ్గరగా చూడాలి.

కులం లెక్కలో తాను తక్కువ కాబట్టి, కులాలన్నిటికీ ఉమ్మడిగా ఉన్నదేమిటా అని వెతికారు. అది బావి దగ్గర దొరికింది. ఆ జిల్లాలో వానలు తక్కువ, నీళ్ళు లోతు. 1930లలో పైకారా జలవిద్యుత్తు వచ్చాక పల్లెపల్లెకీ మోటార్లు పాకాయి. పత్తి, చెరకు, అరటి అన్నీ ఆ మోటారు మీదే బతికాయి. నాయుడు అయినా గౌండర్ అయినా కరెంటు బిల్లు ఒకటే. ఆయన రైతు సంఘానికి పునాది అక్కడ పడింది.

1970లో తమిళనాడు ప్రభుత్వం వ్యవసాయ కరెంటును యూనిట్‌కు 8 పైసల నుంచి 10 పైసలకు పెంచింది. పెరిగింది రెండు పైసలే, కానీ ఆయన ఎత్తుకున్న విషయంలోని నేర్పంతా ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది. భూసంస్కరణ, గిట్టుబాటు ధర లాంటివి చెప్పాలంటే ఉపన్యాసం కావాలి. పైసాకు ఏ ఉపన్యాసమూ అక్కర్లేదు. నెలకు ఎన్ని యూనిట్లు కాలాయి, ఎంత ఎక్కువైంది అన్నది చదువు రాని రైతు కూడా గట్టు మీద కూర్చుని తేల్చుకోగలడు. ఆ ఏడాది జూన్ 19న తిరుప్పూరు దగ్గర పెరుమానల్లూరులో పోలీసు కాల్పులకు ముగ్గురు రైతులు బలయ్యారు. చివరికి ప్రభుత్వం ఒక పైసా తగ్గించింది. ఒక్క పైసాయే అయినా, అడిగితే తగ్గుతుందని పల్లెలకు అర్థమైంది.

1972లో చార్జీ మళ్ళీ పెరిగింది, 12 పైసలకు. ఈసారి ఎద్దుల బండ్లు కోయంబత్తూరు వీధుల్లోకి వచ్చి నిలిచాయి, నగరం కదల్లేకపోయింది. సాధనం ఎన్నుకోవడంలో ఎంత పనితనముందో చూడండి. జెండాలు, లారీలు అద్దెకు తేవాలంటే డబ్బున్న పార్టీ కావాలి. బండి ప్రతి ఇంటి ముందూ ఉంది, తోలడం ప్రతివాడికీ వచ్చు. పైగా బండిని లాఠీతో చెదరగొట్టలేరు. ఆ జూలై 5న జరిగిన కాల్పుల్లో రైతులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. తమిళనాట రైతు సంఘాలు ఏటా ఆ రోజున అమరులకు నివాళి అర్పిస్తాయి. మరుసటి ఏడు జిల్లా సంఘం రాష్ట్రమంతటికీ విస్తరించి తమిళగ వివసాయిగళ్ సంగం (తమిళనాడు రైతుల సంఘం) అయింది. మెడలో ఆకుపచ్చ కండువా దానికి గుర్తు. అప్పుల జప్తుకొచ్చే అధికారులను ఊరి పొలిమేరలోనే ఆపేంత ధైర్యం పల్లెలకు వచ్చింది.

ఇంత బలం ఓటుగా మారలేదు. 1982లో ఆయన రైతులకూ శ్రామికులకూ కలిపి ఒక పార్టీ పెట్టారు. సంఘానికి కదిలిన జనం పార్టీకి కదల్లేదు. కారణం కట్టడంలోనే ఉందనుకుంటాను. బావి గట్టున రైతుగా నిలబడ్డ మనిషి పోలింగ్ బూత్‌లోకి వెళ్ళేసరికి డీఎంకే మనిషో, ఎంజీఆర్ అభిమానో, తన కులం మనిషో అయ్యాడు. ఇంకో లోటు కూడా చెప్పాలి. బావీ మోటారూ లేని కూలీకి ఆ పైసా లెక్కలో చోటు లేదు. పార్టీ పేరులో శ్రామికులను చేర్చినంత మాత్రాన వాళ్ళు వచ్చెయ్యలేదు.

మదురైలో 2005లో పార్టీ పెట్టిన సినీనటుడు విజయకాంత్‌దీ తెలుగు కుటుంబమే. 2006లో ఆయన గెలిచింది మాత్రం సొంత ఊళ్ళో కాదు, ఉత్తరాన విరుద్ధాచలంలో. సంఖ్య తక్కువైన వాళ్ళు పునాదికి ఇతరుల నేల వెతుక్కోవడం ఆయన విషయంలోనూ కనిపిస్తుంది. అయితే ఆయనకు సినిమా ఉండేది. నాయుడుగారికి ఉన్నది కరెంటు బిల్లు.

సీట్లు రాకపోయినా పైసా లెక్క ప్రతి పార్టీ మేనిఫెస్టోలోకీ చేరింది. 1984లో ఎంజీఆర్ చిన్న రైతులకు ఉచిత కరెంటు ఇచ్చారు. ఆ ఏడాది డిసెంబరు 21న, ఎన్నికలకు మూడు రోజుల ముందు, నాయుడుగారు కోవిల్‌పట్టిలో కన్నుమూశారు. 1990లో కరుణానిధి ప్రభుత్వం ఆ ఉచిత కరెంటును రైతులందరికీ వర్తింపజేసింది. 2003లో జయలలిత ప్రభుత్వం దాన్ని ఎత్తేసినా, 2004లో తిరిగి ఇవ్వాల్సి వచ్చింది. ఆ తర్వాత గద్దెనెక్కిన డీఎంకే, అన్నాడీఎంకే రెండూ ఆ హామీని కాపాడుకుంటూనే ఓట్లడిగాయి.