పేరు తొందరపడి చెప్పకండి

పాలమూరు, నల్లగొండ ఊళ్లలో పాత ఆనవాళ్లు వెతుక్కుంటూ తిరిగే పిల్లలకు నేను చెప్పేది ఒకటే. దొరికినదాని పేరు మీరు ముందు చెప్పకండి, పక్కనున్న మనిషిని మాట్లాడనివ్వండి.

ఓసారి కృష్ణ ఒడ్డు చెలకలో అరచేతిలో పట్టే నల్లరాయి కనపడింది. ఒక కొస వెడల్పు, అంచు నున్నగా అరిగి ఉంది. రెండో కొస సన్నం. చెలక పెద్దాయన చేతికిచ్చి, "ఇది దేన్లెక్క ఉంది తాతా?" అన్నాను.

"గొడ్డలి లెక్కనే ఉంది గని, కామ పెట్టనీకి బెజ్జమేది బిడ్డా?"

"బెజ్జం లేకుంటే కట్టెకు ఎట్ల నిలుస్తది?"

సన్నని కొసను బొటనవేలితో తడిమాడు. "కట్టెనే చీరి, నడుమ ఇరికిచ్చి, తోలుతోని బిగ్గ కట్టిన్రేమో."

ఆ తర్వాత మా మాటల్లో అది 'బెజ్జం లేని గొడ్డలి' అయింది. కాసేపటికి వట్టి 'గొడ్డలి'. నవీన శిలాయుగపు నునుపు రాతిగొడ్డలి గురించి నేను చదివాను. కామ బిగించడం ఆయనకు చేత్తో తెలుసు.

అమెరికాలో హెర్బర్ట్ క్లార్క్, డియానా విల్క్స్-గిబ్స్ 1986లో ఈ తీరునే లెక్కగట్టి చూపారు. ఒకరికొకరు కనపడకుండా కూర్చున్న ఇద్దరు, పేర్లు లేని 12 బొమ్మల్ని మాటలతోనే పోల్చుకుని ఒకే వరుసలో పేర్చాలి. అలా ఆరుసార్లు. మొదటిసారి ఒక్కో బొమ్మకు చెప్పేవారికి సగటున 41 మాటలు పట్టాయి, ఆరోసారికి 8 చాలాయి. ఒకరు పోలిక అందిస్తే రెండోవారు ఒప్పుకున్నారు, అడిగారు, సవరించారు. చివరికి నిలిచిన పేరు ఇద్దరిదీ.

మన దగ్గరా ఒకే చోటికి ఊరి పోలికా, చదువుకున్నవాళ్ల పోలికా రెండూ ఉన్నాయి. నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్లను ఊరివాళ్లు తిమ్మప్పగా కొలుస్తారు, ఒక రాయిని ఎల్లమ్మగా మొక్కుతారు. అక్కడి ఒక బండమీది గుంటల్లో సప్తర్షి మండలాన్ని పోల్చినవారు హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేసిన కె.పి. రావు. 2025లో ఆ చోటు యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకెక్కింది. ఆ రాళ్ల కథ చెప్పాలంటే చుక్కల లెక్క ఎంత ముఖ్యమో, తిమ్మప్ప మొక్కూ అంతే ముఖ్యం.

చదువుకున్నవాడు ముందే పేరు చెప్పేస్తే పెద్దాయన సరేనని ఊరుకుంటాడు. కామ ఊసే రాదు. అందుకే నోటుబుక్కులో కొలతల పక్కనే మాటామంతీ రాయండి. ఎవరు దేనితో పోల్చారు, ఎక్కడ కాదన్నారు, అన్నీ. తర్వాత నిపుణులు ఏం తేల్చారో ఆ ఊరికి మళ్లీ వెళ్లి చెప్పండి. సగం పోల్చిపెట్టిన మనిషికి మిగతా సగం తెలియాలి కదా.